లిఫ్ట్ ఉందన్నారు, ఐదో అంతస్తు దాకా

ప్యారిస్‌లో గది బుక్ చేసుకునేవాళ్లు లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోకండి. ఆ లిఫ్ట్ మన గది దాకా వస్తుందా అని అడగండి. మావారు మొదటి ప్రశ్న అడిగారు, "ఉంది" అని ఓనరు జవాబిచ్చాడు. అబద్ధం కూడా కాదు. లిఫ్ట్ ఉంది, ఐదో అంతస్తు దాకా. అదీ బిల్డింగ్ ముందు వైపు, అక్కడ కాపురముండే వాళ్లకి. మా గది ఆరో అంతస్తులో, వెనక వైపు నుంచి ఎక్కే సన్నటి గుండ్రటి మెట్ల మీద. ముందు భాగానికీ వెనక భాగానికీ లోపల దారి లేదు.

2025 జూన్ ఆఖర్లో మలక్‌పేట నుంచి నలుగురం బయల్దేరాం. నేను, మావారు, డిగ్రీ చదివే మా అమ్మాయి, 68 ఏళ్ల మా అత్తయ్య. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సెంటర్ వాళ్ల చార్జీలు వేరే. యూరో అప్పుడు వంద రూపాయలకి అటూఇటూ ఉంది. దోహా మీదుగా ప్రయాణం సాఫీగానే జరిగింది. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రైలు టికెట్ 2025లో మనిషికి 13 యూరోలు. నలుగురికి 52 అయ్యేది. సీన్ నదికి ఉత్తరం వైపు బసైతే ట్యాక్సీకి ఫిక్స్‌డ్ రేటు అప్పుడు 56, దక్షిణం వైపైతే 65. సామాన్లున్న నలుగురు ట్యాక్సీయే ఎక్కండి. నాలుగు యూరోల కోసం సూట్‌కేసులతో మెట్రో మెట్లు దిగడం దండగ. మేమూ ట్యాక్సీలోనే వెళ్లాం, వెళ్లి ఆ మెట్ల ముందు దిగాం.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. నాలుగో అంతస్తు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయి కొడుకుతో, "తిరుమల మెట్లెక్కితే పుణ్యమన్నా వచ్చేదిరా" అన్నారు. మావారు మాట్లాడలేదు. ఆయన రెండు పెట్టెలు పైన పెట్టి, మిగతా రెండింటి కోసం మళ్లీ కిందికి దిగుతున్నారు.

ప్యారిస్ పాత భవనాల్లో పై అంతస్తులో ఇలాంటి చిన్న గదులుంటాయి. ఒకప్పుడు కింద ఇళ్లలో పనిచేసే వాళ్లు అందులో పడుకునేవారు. పనివాళ్లు ముందు మెట్ల మీద కనబడకూడదని వాళ్లకి వెనక మెట్లు. ఇప్పుడు అలాంటివే రెండు మూడు కలిపి రంగులేసి మనలాంటి వాళ్లకి అద్దెకిస్తున్నారు. మాది రాత్రికి 142 యూరోలు, క్లీనింగ్ చార్జీ ఇంకో 70. ఫొటోల్లో హాలంత కనబడింది కదా, నిజంగా నలుగురం ఒకేసారి నిలబడితే సూట్‌కేసు తెరవడానికి చోటు లేదు. కప్పు ఏటవాలుగా ఉంది. మావారికి మొదటి గంటలోనే రెండుసార్లు నెత్తి తగిలింది. స్నానానికి గాజు డబ్బా స్టవ్ పక్కనే. టాయిలెట్ బయట వరండాలో, ఇంకో రెండు గదుల వాళ్లతో కలిపి. ఈ సంగతి ప్రకటనలో చివర, అందరూ చదవడం మానేసే చోట రాసి ఉంది.

టాయిలెట్లో కాగితం తప్ప నీళ్లుండవని తెలిసే వెళ్లాం. గదిలో సొంత బాత్రూమ్ ఉంటుందని ధీమా. మగ్గు కోసం రెండు సూపర్ మార్కెట్లు తిరిగినా దొరకలేదు. మా అమ్మాయి మొక్కలకు నీళ్లు పోసే చిన్న ఆకుపచ్చ డబ్బా పట్టుకొచ్చింది, 4.90 యూరోలు. ఆ యాత్ర మొత్తంలో పెట్టిన ఖర్చుకి పూర్తి విలువ దక్కింది దానికొక్కదానికే. వరండాలో మొక్క ఒక్కటీ లేదు. పక్క గది కుర్రాడు డబ్బా పట్టుకుని వెళ్తున్న అత్తయ్యని చూసి ఏమనుకున్నాడో ఏమో, రోజూ మర్యాదగా పక్కకి జరిగేవాడు. ఇండియా నుంచే ఒక ప్లాస్టిక్ మగ్గు వేసుకెళ్లండి, సిగ్గేమీ లేదు.

ఇవన్నీ సర్దుకునేవాళ్లమే. ఎండ మాత్రం సర్దుకోనివ్వలేదు. జూలై 1కి ప్యారిస్‌లో వడగాలుల రెడ్ అలర్ట్ ఇచ్చారు. 38 డిగ్రీలట. మేం నవ్వుకున్నాం, మే నెలలో మలక్‌పేటలో 42 చూసినవాళ్లం. కానీ మనకి ఫ్యాన్ ఉంటుంది, కూలర్ ఉంటుంది, ఏదీ లేకపోతే డాబా ఉంటుంది. ఆ గదిలో ఏసీ సంగతి అటుంచండి, ఫ్యాన్ లేదు, తగిలించడానికి కొక్కెం కూడా లేదు. పైగా ప్యారిస్ కప్పులు చాలావరకు జింక్ రేకులు. ఆ రేకులు పరిచే పనితనానికి 2024 డిసెంబరులో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పనితనం గొప్పదే కావచ్చు, దాని కింద పడుకోవడం మాత్రం పెనం కింద పడుకున్నట్టే. ఓనరుకి మెసేజ్ పెడితే "పగలు కిటికీ మూసేయండి, రాత్రి తెరవండి" అన్నాడు. అక్కడ అందరూ చేసేది అదేనట. టేబుల్ ఫ్యాన్ కోసం నాలుగు షాపులు తిరిగితే అన్నిచోట్లా అయిపోయాయన్నారు. ఈఫిల్ టవర్ చిట్టచివరి అంతస్తు కూడా వేడికి మూసేశారు. రెండో అంతస్తు దాకా వెళ్లొచ్చాం, బాగుంది.

ఆ కాలంలో అక్కడ పొద్దుగూకేది రాత్రి పదికి. కిటికీ తెరిచి, అన్నం వండుకుని ఆవకాయతో తింటూ మామూలుగా మాట్లాడుకుంటుంటే కింది ఇంటావిడ వచ్చి తలుపు తట్టింది. టైం పదింబావు. పది దాటితే చప్పుడు చేయకూడదట. మన మామూలు గొంతు వాళ్లకి గొడవలా వినబడుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అత్తయ్య ఉప్పు అడగాలన్నా గుసగుసగా అడిగేవారు. మా అమ్మాయికి నవ్వాగేది కాదు, మావారికి కోపం ఆగేది కాదు, నేను మధ్యలో.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్యకి కళ్లు తిరిగాయి. షుగర్ మనిషి. అప్పటికి మూడున్నర. అక్కడ చాలా హోటళ్లలో వంటిల్లు రెండు, రెండున్నరకి మూసేస్తారు, మళ్లీ ఏడుకే. ఒకచోట సలాడ్ ఇస్తామన్నారు, తెచ్చాక చూస్తే అందులో పంది మాంసం ముక్కలు. శాకాహారం అని ముందే చెప్పాం. వెయిటరు ముక్కలు ఏరుకోమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. 14.50 యూరోలు కట్టి లేచి వచ్చేశాం. పక్కనే బేకరీలో రొట్టె, అరటిపండు కొనిపెట్టాక అత్తయ్య తేరుకున్నారు. బేకరీ ఆవిడ మాత్రం కుర్చీ తెచ్చి వేసింది. అక్కడ షాపులోకి అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అని పలకరించాలి, సరుకు సంగతి తర్వాత. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం మొహాలు మెత్తబడతాయి. మంచినీళ్ల సీసాలు కొనకండి, హోటల్లో జగ్గుతో కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు.

ఆ సాయంత్రం మావారే అన్నారు, ఇక ఇక్కడ వద్దని. గది, మెట్లు, వరండా టాయిలెట్, థర్మామీటర్ యాప్‌లో 36 చూపిస్తున్న ఫోను, అన్నీ ఫొటోలు తీసి బుకింగ్ సైటుకి పంపాం. మీరైతే మొదటి రోజే పంపండి, పెట్టెలు తెరవకముందే. సిటీ బయట మెట్రో తొమ్మిదో లైను చివర మోంట్రాయ్‌లో ఏసీ హోటల్, రెండు గదులు, గదికి 96 యూరోలు. లిఫ్ట్ గది ఉన్న అంతస్తు దాకా వచ్చింది. అత్తయ్య ఆ రాత్రి పన్నెండు గంటలు నిద్రపోయారు. ఊళ్లోకి రానూపోనూ మెట్రో టికెట్ అప్పుడు ఒక్కోటి 2.50, ఆ ఖర్చుకి బాధపడలేదు.

లూవ్ర్ మ్యూజియం టికెట్ 2025లో 22 యూరోలు, మంగళవారం సెలవు, మోనాలిసా ముందు ఫోన్లే కనబడతాయి. అంతే.

అసలు సంతోషం లా షపెల్ అనే పేటలో. శ్రీలంక తమిళుల దుకాణాలు, వీధి నిండా కరివేపాకు వాసన. అరిటాకు మీద కాదు గానీ స్టీలు కంచంలో భోజనం, సాంబారు మారు అడిగినా వేశారు, మనిషికి 11 యూరోలు. దగ్గర్లోనే రూ పజోల్ వీధిలో మాణిక్క వినాయగర్ గుడి. 1985 నుంచి ఉందట. అత్తయ్య అక్కడ అర్చన చేయించి, పూజారితో తెలుగులోనే మాట్లాడారు, ఆయన తమిళంలో. ఇద్దరికీ బాగానే కుదిరింది. గది తీసుకోవాలంటే ఆ చుట్టుపక్కలే వెతకండి, ఏసీ ఉన్న హోటల్ అయితేనే.

ఉండని రాత్రుల డబ్బు తిరిగొచ్చింది, క్లీనింగ్ చార్జీ 70 రాలేదు. ఓనరు మా మీద రివ్యూ కూడా రాశాడు. నాలుగు స్టార్లిచ్చి, మర్యాదగల కుటుంబమే గానీ గదిలో ఊరగాయ వాసన ఇంకా పోలేదన్నాడు. అత్తయ్యకి చదివి వినిపిస్తే, "కిటికీ తెరవమను" అన్నారు.