ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్: చేరేముందు షెడ్డు చూడండి

పాలిటెక్నిక్ సీటు రాకపోతే ఐటీఐ అనుకోవడం మనవాళ్లకు అలవాటైపోయింది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ విషయంలో మాత్రం ఆ లెక్క తప్పు. రెండేళ్ల కోర్సు, యూనిట్‌కు 20 మంది, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. సైన్స్, లెక్కలతో పదో తరగతి పాసై ఉండాలి (వైర్‌మన్‌కైతే ఎనిమిది చాలు). కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపున్న ఏ కాలేజీలో చదివినా సిలబస్ మారదు, సర్టిఫికెట్ మారదు. మారేది వర్క్‌షాపే.

అందుకే ఆప్షన్లు పెట్టకముందే ఒకసారి వెళ్లి షెడ్డు చూపించమనండి. త్రీఫేజ్ సప్లై లేదంటే మోటార్ల పాఠమంతా బోర్డు మీదే నడుస్తుంది. స్టార్-డెల్టా ప్యానెల్ (మోటార్‌ను ముందు స్టార్ కనెక్షన్‌లో స్టార్ట్ చేసి, తర్వాత డెల్టాకు మార్చేది) దగ్గర స్క్రూల తలలు చూడండి. అరిగి ఉంటే పిల్లలు విప్పి బిగిస్తున్నట్టే. తళతళా మెరుస్తుంటే తనిఖీకి వచ్చేవాళ్ల కోసం పెట్టినదని అనుమానించొచ్చు.

ఆ ప్యానెల్ గురించే ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మూడు కాంటాక్టర్లు (కరెంటుతో పట్టే స్విచ్చులు), టైమర్, ఓవర్‌లోడ్ రిలే, మోటార్ దగ్గర ఆరు టెర్మినళ్లు. గీసిన డయాగ్రమ్ సరిగ్గా ఉన్నా, చేత్తో కలిపేటప్పుడే తప్పులు బయటపడతాయి. ఒక వైండింగ్ రెండు చివరలకూ ఒకే ఫేజు ఇచ్చారనుకోండి, స్టార్‌లో చక్కగా తిరిగిన మోటార్ డెల్టాకు మారగానే లాగడం మానేస్తుంది. ఇంటర్‌లాక్ వైరు మరిచిపోయి స్టార్, డెల్టా కాంటాక్టర్లు రెండూ ఒకేసారి పట్టాయో, ఫేజులు షార్టవుతాయి. రేపు ఫ్యాక్టరీలో ఫాల్ట్ వెతకాల్సింది ఇలాంటి చోటే.

ఇన్సులేషన్ కొలిచే మీటరు, మెగ్గర్, ఎక్కడుందని కూడా అడగండి. 415 వోల్టుల మోటార్‌కు, సప్లై తీసేశాక, 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడాలి. రీడింగ్ 1 మెగోమ్ కన్నా తక్కువొస్తే మోటార్ ఆన్ చేయకూడదు. మెగ్గర్ బీరువాలో తాళం వేసి ఉంటే, ఈ పరీక్ష రికార్డు బుక్కులో మాత్రమే జరుగుతోందన్నమాట.

పాసవడానికి ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం రావాలి. థియరీ కంప్యూటర్ మీద ఆబ్జెక్టివ్ పరీక్ష కాబట్టి క్వశ్చన్ బ్యాంకు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లు ఎక్కువ. హాజరు 80 శాతం ఉండాలి. సాయంత్రం పనికి వెళ్లడం పర్వాలేదు గానీ, పగటిపూట వైరింగ్ పనులు ఒప్పుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

తెలంగాణలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని 2024లో మొదలైంది. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సులు అక్కడి ప్రత్యేకత. మంచిదే. కానీ మీరు చేరేది ఎలక్ట్రీషియన్‌లో అయితే కొత్త భవనం చూసి మురిసిపోకుండా పాత షెడ్డు సంగతి తేల్చుకోండి.

కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఈ ట్రేడ్ పనికొస్తుంది, కాకపోతే స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది, ముందునుంచీ సాధన కావాలి. తెలంగాణలో బ్రిడ్జ్ కోర్సు, ఎల్‌పీసెట్ (లేటరల్ ఎంట్రీ ప్రవేశ పరీక్ష) దారిలో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అక్కడ చాలామందిని నిలబెట్టేది మ్యాథ్స్. ఆ ఉద్దేశం ఉంటే ఐటీఐ మొదటి ఏడాదిలోనే ఇంటర్ లెక్కల పుస్తకం తెరవడం మేలు.