అమీర్‌పేట మెట్రో స్టేషన్: పైకా, కిందికా?

"అన్నా, రాయదుర్గం పోవాలంటే పైకా, కిందికా?"

హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో వారానికి రెండు మూడు సార్లైనా ఎవరో ఒకరు నన్నిలా ఆపి అడుగుతారు. భుజాన బరువైన బ్యాగు, చేతిలో ఫోను, చూపు బోర్డుల మీద. "పైకే, నేనూ అటే పోతున్నా, రండి" అంటాను. 2019 మార్చి నుంచి నా దారి అదే. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైన్ ఎక్కుతాను, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌లోకి మారి, దుర్గం చెరువు దగ్గర ఆఫీసుకు చేరతాను. కరోనా రోజుల్లో 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు దాకా మెట్రో ఆగిపోయిన కాలం, ఇంటి నుంచి పని చేసిన రోజులు తీసేస్తే, మిగతా రోజులన్నీ ఈ స్టేషన్ మెట్ల మీదే గడిచాయి. ఇంతకాలం వాడాక దీని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలు, అమీర్‌పేటలో దారి తప్పరు. కింద రెడ్, పైన బ్లూ. రోడ్డు మీంచి మెట్లెక్కితే మొదటి అంతస్తులో టికెట్ కౌంటర్లు, బ్యాగుల తనిఖీ, గేట్లు ఉంటాయి. దాని పైన మియాపూర్, ఎల్బీనగర్ వైపు వెళ్లే రెడ్ లైన్ ప్లాట్‌ఫారాలు. ఇంకా పైన నాగోలు, రాయదుర్గం వైపు వెళ్లే బ్లూ లైన్ ప్లాట్‌ఫారాలు. ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారడానికి గేటు దాటి బయటికి రానక్కర్లేదు, మళ్లీ టికెట్ కొననక్కర్లేదు. దిగామా, ఎక్కామా, అంతే. ఉదయం జనం పలచగా ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో పైన ఉంటాను. సాయంత్రం ఎస్కలేటర్ మొదట్లోనే అంత సేపు పడుతుంది.

ఈ స్టేషన్ కట్టడం నేను దగ్గరుండి చూశాను. 2013లో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, ఇక్కడి మైత్రీవనం భవనం వెనకాల ఒక హాస్టల్లో ఏడు నెలలు ఉన్నాను. హైదరాబాద్ మెట్రో కోసం ప్రభుత్వానికీ ఎల్ అండ్ టీకీ 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది. నేను వచ్చేనాటికి నగరంలో పనులు జోరుమీద ఉన్నాయి. రోడ్డు మధ్యలో రేకుల అడ్డుగోడలు, వాటి వెనక గోతులు, ఆకాశంలోకి నిలబడ్డ ఇనుప చువ్వలు. క్లాసుకు వెళ్లి వచ్చేసరికి చొక్కా కాలరు మీద సిమెంటు దుమ్ము పేరుకునేది. ఆదిత్య ట్రేడ్ సెంటర్ ముందు రోడ్డు దాటడానికి అటూ ఇటూ పది మంది పోగయ్యేదాకా ఆగి, గుంపుగా చేతులు చాపుకుంటూ దాటేవాళ్లం. ఇప్పుడు అదే రోడ్డును స్టేషన్ మొదటి అంతస్తులోంచి దాటొచ్చు. గేట్ల బయటి భాగంలో నడవడానికి టికెట్ అక్కర్లేదు. మెట్రో ఎక్కనివాళ్లకు కూడా ఈ స్టేషన్ చేసిన మేలు అది. దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ, ఆ రోడ్డును పరుగెత్తి దాటిన నాకు తెలుసు దాని విలువ.

బండ్లు మొదలైంది 2017 నవంబరులో. 28న ప్రధాని మోదీ మియాపూర్‌లో ప్రారంభించారు, మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. అప్పటికి తెరిచింది నాగోలు నుంచి అమీర్‌పేట, అమీర్‌పేట నుంచి మియాపూర్, మొత్తం 30 కిలోమీటర్లు. అంటే రెండు లైన్లూ ఇక్కడికొచ్చి ఆగిపోయేవి. నాగోలు నుంచి మియాపూర్ పోయే ప్రతి మనిషీ ఇక్కడ దిగి మారాల్సిందే. మిగతా స్టేషన్లు ఒక్కో పేటకు స్టేషన్లయితే, అమీర్‌పేట మొదటి రోజు నుంచే రెండు దారుల ముడి. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్లు తెరిచాక కింది లైను ఇక్కడ ఆగకుండా సాగిపోయింది. 2019 మార్చి 20న హైటెక్ సిటీ దాకా తెరిచాక పై లైను కూడా సాగింది. అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గం చేరింది.

హైటెక్ సిటీ దాకా తెరిచిన కొత్తలో ఓపిక ఉండాల్సి వచ్చేది. ఆ చివర బండి వెనక్కి తిరిగే ఏర్పాటు ఇంకా పూర్తి కాకపోవడంతో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక పోయే బండి, వచ్చే బండి వేర్వేరు పట్టాల మీద ఒక్కొక్కటే తిరిగేవి. అందుకే ఆలస్యంగా వచ్చేవి. పై ప్లాట్‌ఫారం మీద నిలబడి బోర్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకున్న రోజులవి. అయినా బస్సు వైపు మళ్లీ చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కు బస్సులో గంటన్నర పైనే పట్టేది, వాన పడితే చెప్పక్కర్లేదు. ఇప్పుడు అమీర్‌పేటకు పాతిక నిమిషాలు, మారడం కలుపుకుని ముప్పావు గంటలో ఆఫీసు దగ్గర దిగుతున్నాను. మా అబ్బాయి రాత్రి నిద్రపోకముందే ఇంట్లో ఉంటున్నాను. ఈ ఒక్క లెక్కకే ఈ స్టేషన్ మీద నాకు కృతజ్ఞత ఉంది.

కొత్తవాళ్లు తప్పు చేసే చోటు ఒకటి చెబుతాను. ప్లాట్‌ఫారాలను ఆరు బోగీల బండికి సరిపడా కట్టారు. నడుస్తున్నవి మూడు బోగీలవి. ఖాళీగా ఉంది కదా అని చివర నిలబడితే, బండి దూరంగా ఆగుతుంది. పిల్లల్ని, సంచుల్ని పట్టుకుని పరుగెత్తేవాళ్లను ఎన్నిసార్లు చూశానో! జనం ఎక్కడ బారులు తీరి ఉంటే అక్కడే నిలబడండి. ముందు బోగీలో ఆడవాళ్లకు కేటాయించిన భాగం ఉంటుంది, ఇంటి ఆడవాళ్లతో వస్తుంటే అటు నడవడం మంచిది.

సాయంత్రం ఆరున్నరకు రాయదుర్గం నుంచి వచ్చిన బండి పైన ఆగుతుంది. తలుపులు తెరుచుకోగానే వందల చెప్పుల చప్పుడు ఒక్కసారిగా మెట్ల వైపు తిరుగుతుంది. కింద రెడ్ లైన్ బండి వస్తున్న గాలి తగులుతుంటుంది, అందరికీ అదే కావాలి. ఆ ఐదు నిమిషాల్లో స్టేషన్ ఇరుకు. పగలంతా ఎంత విశాలంగా కనిపించినా, రెండు బండ్ల జనం ఒకే ఎస్కలేటర్ దగ్గర కలిసినప్పుడు ఎంత పెద్ద స్టేషనైనా చాలదు. నా మట్టుకు నాకు అనిపించేది, ఇక్కడ కావాల్సింది కొత్త హంగులు కాదు, బండికి ఇంకో మూడు బోగీలు. వాటి కోసం కట్టిన ప్లాట్‌ఫారం ఎదురుగానే ఉంది. కూర్చునే బల్లలు కూడా ఇంకొన్ని కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు స్తంభానికి ఆనుకుని నిలబడటం చూస్తే బాధేస్తుంది.

ఒక చేదు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2019 సెప్టెంబరు 22న వానకు స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడి పడి ప్రాణం పోయింది. మర్నాడు ఆ మెట్ల దగ్గర నడుస్తుంటే నా కాళ్లు ఆడలేదు. ఇప్పటికీ వానలో అక్కడ నిలబడితే ఒకసారి పైకి చూస్తాను. రోజూ వేల మంది నడిచే కట్టడాన్ని ఎంత తరచుగా తట్టి చూసుకోవాలో ఆ అమ్మాయిని తలచుకుంటే చాలు.

ఇక మా అమ్మ సంగతి. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వెళ్లడం అమ్మకు ఏళ్లనాటి అలవాటు. మొదటిసారి మెట్రోలో తీసుకొచ్చినప్పుడు అమీర్‌పేటలో దిగగానే కిందికి పోయే ఎస్కలేటర్ ముందు ఆగిపోయింది. మెట్టు పుట్టడం, జారిపోవడం చూసి కొంగు గట్టిగా పట్టుకుంది. "నాతోటి కాదు బిడ్డా, నువ్వు పో, నేను మెట్ల మీదికెల్లి దిగుతా" అంది. ఆమె మోకాళ్లకు అన్ని మెట్లు పడవు. అక్కడ నిలబడ్డ సెక్యూరిటీ అమ్మాయి దగ్గరికొచ్చింది. "లిఫ్టు ఆ పక్కనే ఉందమ్మా. కానీ ఒక్కసారి నా చేయి పట్టుకోండి, కిందికి చూడకండి, ఎదురుంగ చూడండి. నేను అన్నప్పుడే అడుగెయ్యండి" అంది. అమ్మ కళ్లు మూసుకోబోయి, మళ్లీ తెరిచి, "ఎల్లమ్మ తల్లీ" అంటూ అడుగేసింది. కింద దిగాక ఆ అమ్మాయి చేయి వదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. గుడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆమె కోసం కుంకుమ పొట్లం తెచ్చింది. డ్యూటీ మారిపోయి ఆ అమ్మాయి కనిపించలేదు. పొట్లం అక్కడున్న ఇంకో అమ్మాయికి ఇచ్చి, "గామెకియ్యి బిడ్డా" అని రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాతి ఏడు నాకు సెలవు దొరకలేదు. పక్కింటి పెద్దమ్మను వెంటబెట్టుకుని అమ్మే బయల్దేరింది. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, పెద్దమ్మకు ఎస్కలేటర్ ఎట్లా ఎక్కాలో తానే చేయి పట్టుకుని చూపించిందట.