రైస్ మిల్లులో ఫైబర్ లైన్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

మీ మిల్లులో ఆఫీసుకు, కాంటా గదికి మధ్య ఇంకా రాగి కేబులే ఉంటే వచ్చే యాసంగి కోతల్లోపు తీసేసి ఫైబర్ వేయించుకోండి. మిర్యాలగూడలో ఒక మిల్లులో లెక్కలు, కంప్యూటర్లు రెండూ నేనే చూసుకుంటాను. ఇన్నేళ్లలో ఇక్కడికి కొన్న సామాను చాలానే ఉంది కానీ, నాకు ఇంత మనశ్శాంతి ఇచ్చింది ఇంకోటి లేదు. స్పీడు సంగతి పక్కన పెట్టండి, కాంటా బిల్లుకు స్పీడు ఎంత కావాలి? ఫైబర్ అంటే వెలుతురుతో సమాచారం పంపే సన్నటి గాజు పోగు, గాజులో కరెంటు పారదు. నాకు కావాల్సింది ఆ గుణమే.

ఎందుకో తెలియాలంటే రాగి ఉన్నప్పటి ఒక సాయంత్రం గురించి చెప్పాలి. సాగర్ ఎడమ కాలువ కింద సన్నవడ్ల కోతలు మొదలయ్యాయంటే నేరేడుచర్ల, హాలియా, త్రిపురారం వైపు నుంచి ట్రాక్టర్లు పొలం నుంచి నేరుగా మిల్లు గేటుకే వస్తాయి. మిషన్ కోత పచ్చి వడ్లు, ఎక్కువసేపు కుప్పగా ఉంటే వేడెక్కుతాయి. వచ్చిన బండికి కాంటా మీద నిండు బరువు తీస్తాం, అది ఆఫీసు కంప్యూటర్లో ఎక్కుతుంది. వడ్లు దించాక అదే బండికి ఖాళీ బరువు తీస్తే బిల్లు వస్తుంది. ఆ రోజు ఈదురుగాలి లేచింది, వాన ఇంకా మొదలు కాలేదు, ఎక్కడో దగ్గర్లో పిడుగు పడింది. మిల్లు మీద పడలేదు, కరెంటు కూడా పోలేదు. కాసేపటికి కాంటా గది నుంచి ఫోను: "అన్నా, బరువు చూపెడ్తుంది గాని బిల్లు వస్తలేదు."

కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో కాంటా కేబుల్ ఉన్న పోర్టు, దాని పక్కవి రెండు పోయాయి. కాంటా కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఆ కేబుల్ గుచ్చే ల్యాన్ పోర్టూ పోయింది. మాడిన వాసన లేదు, మసి లేదు, చూడటానికి శుభ్రంగా ఉంది, లైటు మాత్రం వెలగదు. అంతకంటే పెద్ద చిక్కు బండ్లది. అప్పటికే లోపల వడ్లు దించుతున్న బండ్ల నిండు బరువులన్నీ ఆఫీసులో ఉన్నాయి. ఖాళీ బరువు తీసే కాంటా దగ్గర వాటిలో ఒక్కటీ కనపడదు. ఆ బరువులు కాగితం మీద ఎక్కించుకుని ఆఫీసు నుంచి కాంటాకు తిరగడం, కార్బన్ పెట్టి చీటీలు రాయడం, బండి నంబరు మారిందని గొడవ, బయట రోడ్డు మీద ఆగిన ట్రాక్టర్లు. "రాత్రి దాంక నిలవెడ్తరా సారూ, వడ్లు వేడెక్కుతున్నయ్" అని ఒక పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పిడుగు నెత్తిన పడాల్సిన పని లేదు. కాంటా గది ఎర్తింగ్ వేరు, ఆఫీసు ఎర్తింగ్ వేరు. దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఈ రెండు చోట్లా నేలలో వోల్టేజీ ఒక్కసారిగా తేడా అవుతుంది. మధ్యలో రాగి తీగ ఉంటే ఆ తేడా దాని వెంటే పరుగెత్తుతుంది. ఈథర్‌నెట్ పోర్టు, అంటే ఆ ల్యాన్ పోర్టు లోపల అడ్డుగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ప్రమాణం ప్రకారం అది 1500 వోల్టులకు తట్టుకోవాలి. పిడుగు అంతటితో ఆగదు కదా.

పీకేసిన పాత కేబుల్ గురించి కూడా ఒక మాట. నేను చేరకముందు వేసింది, సుమారు 80 మీటర్లు. అంటే రాగి నెట్‌వర్క్ కేబుల్‌కు ఉండే 100 మీటర్ల హద్దులోపే. పైన క్యాట్ 6 అని, అంటే మంచి రకం రాగి నెట్‌వర్క్ కేబుల్ అన్నట్టు, అచ్చు ఉంది. తీగను బ్లేడుతో గీకితే పైపైన రాగి రంగు పోయి లోపల తెల్లగా అల్యూమినియం బయటపడింది. చీకటి పడగానే గేటు కెమెరా ఎందుకు ఆగిపోయి మళ్లీ మొదలయ్యేదో అప్పుడు అర్థమైంది. దానికీ ఇదే రకం కేబుల్, అందులోంచే కరెంటు వెళ్తుంది. రాత్రి కెమెరా లైట్లు వెలిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది, అల్యూమినియం తీగలో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. కేబుల్ కొనేటప్పుడు షాపులోనే ఒక తీగ గీకి చూపించమని అడగండి.

ఫైబర్ వేసే అబ్బాయి మొదట ఇళ్లకు నెట్ కోసం లాగే నల్ల డ్రాప్ కేబుల్ తెచ్చాడు. దాని పక్కనే బలానికి ఉక్కు తీగ ఉంటుంది. ఉక్కు తీగ కూడా కరెంటు మోసేదే, ఇక గాజు వేసి ఏం లాభం? లోహం లేనిది తెప్పించి వేయించాను. రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు పెట్టాం, ల్యాన్ సిగ్నల్‌ను వెలుతురుగా, వెలుతురును మళ్లీ సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టెలు అవి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుతురు పంపి 1550 అందుకుంటుంది, రెండోది తిరగేసి. అందుకే ఒకే పోగు చాలు, కానీ జతగానే కొనాలి, ఒకే రకం రెండు పెడితే పని చేయవు.

ఆ తర్వాతి వేసవిలో మళ్లీ అలాంటి ఈదురుగాలే వచ్చింది. కిటికీ అద్దాలు అదిరేలా ఉరిమింది. నేను స్విచ్ ముందు నిలబడి చూస్తూనే ఉన్నాను, కాంటా లైటు అలాగే టకటకా కొట్టుకుంటోంది, బిల్లులు వస్తూనే ఉన్నాయి. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. హల్లర్ మోటార్ల కేబుళ్ల పక్క నుంచే ఫైబర్ వెళ్తుంది, మోటారు ఆన్ చేసినా దానికి పట్టదు.

అలాగని పిడుగు బాధ మొత్తం తీరిందని అనుకోకండి. ఫైబర్ మూసేది ఒక్క దారినే. కరెంటు లైను నుంచి వచ్చేదాన్ని అది ఆపలేదు, కన్వర్టర్ అడాప్టర్ ఒకసారి అలాగే కాలింది. యూపీఎస్, సరైన ఎర్తింగ్ ఎలాగూ ఉండాల్సిందే. అడాప్టర్ ఒకటి బీరువాలో పెట్టుకోండి, సీజన్లో దొరకదు.

మిల్లంటే ఎలుకలు ఉంటాయి. గోదాం గోడ వెంట పీవీసీ పైపులో వేసిన చోట పైపుతో సహా కొరికేశాయి. రాగి అయితే నేనే క్రింపింగ్ ప్లయర్‌తో నిమిషాల్లో అతికించేవాడిని. ఫైబర్ తెగితే స్ప్లైసింగ్ మిషన్, అంటే గాజు పోగులను అతికించే మిషన్ ఉన్న మనిషి రావాలి. ఆ రోజు తెగిందని తెలుసుకోవడానికే చాలాసేపు పట్టింది. మా కన్వర్టర్లో ఫైబర్ తెగినా ల్యాన్ వైపు లైటు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరేమో కనెక్ట్ అయ్యే ఉందంటుంది. ఫైబర్ వైపు ఎఫ్ఎక్స్ అని రాసి ఉన్న లైటు చూడాలి. కాంటా పిల్లవాడికి ఇప్పుడు దాని పక్కన ఎర్ర మార్కరుతో గీత గీసి పెట్టాను. గోదాం భాగం వరకు జీఐ (ఇనుప) పైపు వేయించాం, అదీ లోహమే కాబట్టి రెండు చివర్లా అది కాంటా గదికి గానీ ఆఫీసుకు గానీ తగలకుండా ముందే ఆపేశాం.

తౌడు దుమ్ముతో కూడా జాగ్రత్త. వెలుతురు వెళ్లే దారి 9 మైక్రాన్లే, కనెక్టర్ మూతి మీద నలుసు పడితే సిగ్నల్ పడిపోతుంది. ఊడదీస్తే టోపీ పెట్టాలి, పెట్టేముందు తుడవాలి.

మాకు ఊళ్లోనే స్ప్లైసింగ్ మనిషి దొరుకుతాడు, అందుకే నాకు ఇది తేలికగా నడుస్తోంది. పిలిస్తే రెండో రోజు వచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లు రెండు పోగుల కేబుల్ వేయించి, రెండో పోగుకు కూడా కనెక్టర్లు పెట్టించుకోవడం మేలు. ఎలుక రెండూ కొరికితే చెప్పలేం గానీ, మిగతా చాలా వాటికి పనికొస్తుంది. కాంటా గది ఆఫీసు గోడకే ఆనుకుని, ఎర్తింగ్ ఒకటే అయితే మంచి రాగి కేబుల్ సరిపోతుంది. మా ఆఫీసు లోపల బల్లల మధ్య ఇప్పటికీ రాగే ఉంది, దాన్ని మార్చే ఆలోచన లేదు. గేటు కెమెరాకు కూడా రాగే, ఫైబర్‌లో దానికి కరెంటు పంపలేం కదా. దానికి మాత్రం ఈసారి నేనే గీకి చూసి కొన్నాను.