మరైమలై నగర్ గేటు ముందు: మూతపడ్డ కార్ల ఫ్యాక్టరీ, మిగిలిన జ్ఞాపకం

మహబూబ్‌నగర్ నుంచి చెన్నై వైపు పోవాలంటే నా ఓటు కాచిగూడ-చెంగల్పట్టు ఎక్స్‌ప్రెస్‌కే. గద్వాల, కర్నూలు, కడప మీదుగా రాత్రంతా ప్రయాణం, హైదరాబాద్ వెళ్లి బండి మారే బాధ లేదు. ఈమధ్య మా బావమరిది కొడుకును పొత్తేరిలో ఇంజినీరింగ్‌లో చేర్పించడానికి ఆ బండిలోనే వెళ్లాం. పని అయ్యాక నేనొక్కడినే లోకల్ ట్రైన్ ఎక్కి మరైమలై నగర్‌లో దిగాను. అక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్లు తయారవడం లేదని తెలుసు. అంత దగ్గరిదాకా వచ్చి చూడకుండా తిరిగిపోవడానికి మాత్రం మనసొప్పలేదు.

వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు ఇండస్ట్రియల్ టూర్‌కి మమ్మల్ని ఇక్కడికే తీసుకొచ్చారు. ఫోర్డ్ చిన్నకారు ఫిగో కొత్తగా వచ్చిన రోజులవి. అంతవరకు మేం చూసిన పెద్ద మిషన్లంటే ఊళ్లో రైస్ మిల్లు, కాలేజీ వర్క్‌షాప్‌లో లేత్. కళ్లద్దాలు పెట్టి, నేలమీద గీసిన గీత దాటొద్దని చెప్పి లోపలికి పంపారు. వెల్డింగ్ రోబోల నిప్పురవ్వలు చూసి అందరూ నోరెళ్లబెట్టారు గానీ నన్ను కట్టిపడేసింది తలుపులు. రంగు వేసి, తలుపులతో సహా వచ్చిన బాడీకి మళ్లీ ఆ తలుపులు ఊడదీస్తారు. సీట్లు, డాష్‌బోర్డు బిగించేవాళ్లకు అడ్డు లేకుండా వాటిని వేరే లైనుకు పంపి, అద్దాలు, వైర్లు అమర్చి, చివర్లో ఏ కారు తలుపు ఆ కారుకే తెచ్చి బిగిస్తారు. ఒక్కటి కూడా తారుమారు కాదు. మా పక్కనే నా వయసు కుర్రాడొకడు టార్క్ రెంచితో, అంటే సరిపడా బిగుతు రాగానే టిక్‌మనే పానాతో, బోల్టు బిగిస్తూ, ఆ చప్పుడు వినగానే చెయ్యి తీసేసి తర్వాతి కారుకు జరిగేవాడు. క్లాసులో ఏడాదంతా చెప్పినా ఎక్కని టార్క్ పాఠం ఆ చప్పుడుతో ఎక్కింది.

2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇక్కడి నుంచి చివరి కారు ఎకోస్పోర్ట్ 2022 జులైలో బయటికొచ్చింది. ఇంజిన్ల తయారీకి తిరిగి తెరుస్తామని 2025 అక్టోబరులో చెప్పారు. అది నిజం కావాలని గట్టిగా కోరుకుంటున్నా. నేను వెళ్లినప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న మర్యాదగానే మాట్లాడాడు, లోపలికి మాత్రం కుదరదన్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. దీనికోసమే ఎవరూ పనిగట్టుకుని అంతదూరం రావొద్దు.

ఆ వైపు వచ్చినవాళ్లు చెంగల్పట్టులో దిగితే మహాబలిపురం దగ్గరే, చలికాలమైతే వేడంతాంగళ్ పక్షులూ చూడొచ్చు. బస మాత్రం తాంబరంలో చూసుకోండి. చెంగల్పట్టులో మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ వేడినీళ్లు లేవు, రాత్రంతా బస్సుల హారన్లు. తిండికి లోటు లేదు, పొద్దున్నే ఇడ్లీ సాంబారుకు చిన్న హోటళ్లే మేలు.

మా నాన్న తరానికి ఇలాంటి జ్ఞాపకం సనత్‌నగర్ ఆల్విన్. డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టిన కంపెనీ అది, ఇప్పుడు లేదు. ఇక మా పిల్లలకు ఏం చూపించాలి? బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే, జూపార్కు దగ్గర. క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో కార్లు చూసి పిల్లలు కేరింతలు కొడతారు, టికెట్ డబ్బులు దండగ కావు. కానీ అక్కడ కనిపించేది తయారైన బండి. తయారవుతుంటే చూడటంలో ఉన్న మజా వేరు.

ఆ మజా కోసమైతే గద్వాలలో నేతన్నల ఇళ్లకు తీసుకెళ్లండి. నూలు చీరకు పట్టు కొంగు కలిపేటప్పుడు పోగుకు పోగు చేత్తో ముడివేస్తారు. మా పాప మగ్గం పక్కనుంచి లేవనంది, ఒక్క పోగు తప్పితే ఏమవుతుందని అడుగుతూనే ఉంది. తెలిసినవాళ్ల చేత ముందే చెప్పించుకుని వెళ్లండి, పనివేళలో వాళ్లకు ఇబ్బంది ఉండదు. రైలు దిగి ఆటోలో పోవచ్చు.