వేన్ కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం: కిమ్ వర్దీ హయాంలో అందిన సేవ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగర క్రిమినల్ కేసులు విచారించిన రికార్డర్స్ కోర్టుకు 1994లో న్యాయమూర్తిగా ఎన్నికైన కిమ్ వర్దీ, 2004లో ఆ నగరం ఉన్న వేన్ కౌంటీకి ప్రాసిక్యూటర్‌గా పగ్గాలు చేపట్టిన నాటి నుంచి ఆ కార్యాలయం ప్రజలకు చేసిన సేవల్లో అత్యాచార కేసుల ఆధారాల పరీక్షనే నేను అన్నిటికన్నా మిన్నగా ఎంచుతాను. 2009లో పోలీసుల గోదాములో పరీక్షకు నోచుకోని అత్యాచార ఆధారాల కిట్లు 11,341 బయటపడ్డాయి. ఆసుపత్రి గదిలో గంటల తరబడి ఓర్చుకుని బాధితురాళ్లు ఇచ్చిన నమూనాలు ఏళ్ల తరబడి అరల్లోనే మగ్గిపోయాయన్నమాట. ప్రభుత్వ నిధులు చాలకపోతే విరాళాలు కూడగట్టి మరీ ఆమె వాటిని ప్రయోగశాలలకు చేర్చే పని తలకెత్తుకున్నారు. అంతకు ముందు ఏడాదే, పదవిలో ఉన్న నగర మేయర్ క్వామే కిల్‌పాట్రిక్‌పై అభియోగాలు మోపడానికీ వెనుకాడలేదు. తప్పుడు శిక్షలను పునఃపరిశీలించే విభాగం మాత్రం 2018 దాకా ఏర్పడకపోవడం పెద్ద లోటే. న్యాయపీఠంపై కూర్చున్న అనుభవం ఉన్నవారి నుంచి అది ఇంకా ముందే రావలసింది.