కాస్ట్‌కో కార్డు, నాపా–సొనోమా వారాంతం: ఏళ్ళ తరబడి వాడాక తేలిన లెక్క

కాస్ట్‌కో అంటే ఏటా రుసుము కట్టిన సభ్యులకే పెద్ద పెట్టెల్లో సరుకు అమ్మే షాపు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కాపురమున్న తెలుగు కుటుంబానికి దాని కార్డు దండగ కాదు. ఇంట్లో ఏ సరుకు ఎన్నాళ్ళకు అయిపోతుందో తెలిసినవాళ్ళకు అది ఏటా డబ్బు మిగులుస్తుంది, తెలియనివాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ నింపి చెత్తబుట్టను కూడా నింపుతుంది. కొన్నదాంట్లో పావు వంతు పారేస్తే పావు వంతు తగ్గింపు మొత్తం ఆవిరైపోయినట్టే.

ముందు కార్డు సంగతి. 2024 సెప్టెంబరు 1 నుంచి మామూలు కార్డు గోల్డ్ స్టార్‌కు ఏడాదికి 65 డాలర్లు, పై స్థాయి కార్డు ఎగ్జిక్యూటివ్‌కు 130. ఎగ్జిక్యూటివ్ మీద 2 శాతం వెనక్కి వస్తుంది, ఏడాదికి గరిష్ఠంగా 1,250 డాలర్లు. అదనంగా కట్టే 65 రాబట్టాలంటే ఏడాదికి 3,250, అంటే నెలకు సుమారు 271 డాలర్ల సరుకు కొనాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: పెట్రోలు ఖర్చు ఈ 2 శాతం లెక్కలోకి రాదు. దాన్ని తీసేసి చూసుకోండి. ఇద్దరే ఉన్న ఇంటికి గోల్డ్ స్టార్ సరిపోతుంది, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంటికి ఎగ్జిక్యూటివ్ గిట్టుబాటవుతుంది. ఒక కార్డుతో పాటు అదే చిరునామాలో ఉండే ఇంకొకరికి ఉచితంగా మరో కార్డు ఇస్తారు. షాపులో క్రెడిట్ కార్డుల్లో వీసా ఒక్కటే చెల్లుతుంది. మాస్టర్‌కార్డ్ ఒక్కటే జేబులో పెట్టుకుని వెళితే కౌంటరు దగ్గర ఇబ్బంది.

మన వంటింటికి ఈ షాపు ఇచ్చే అసలు సుఖం వెన్న. కాస్ట్‌కో సొంత బ్రాండు కిర్క్‌లాండ్ ఉప్పులేని వెన్న ఒక్కో పౌండువి నాలుగు పెట్టెలుగా వస్తుంది. వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదంతా ఎక్కువగా నీరే కాబట్టి నాలుగు పౌండ్లకు ఇంచుమించు కిలో నాలుగు వందల గ్రాముల నెయ్యి దిగుతుంది. నాలుగూ ఒకేసారి కాచకండి, రెండేసి పౌండ్లు చాలు. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో మధ్యస్థం కంటే కాస్త తక్కువ మంట మీద పెట్టాలి. మొదట తెల్లటి నురుగు వస్తుంది. నీరు ఇగిరేకొద్దీ చిటపటలు తగ్గుతాయి. ఆ తర్వాత రెండోసారి సన్నటి నురుగు పొంగుతుంది, అప్పుడిక పొయ్యి దగ్గరి నుంచి కదలకూడదు. గసి లేత గోధుమరంగుకు తిరగ్గానే మంట ఆపి వెంటనే వడకట్టండి. ఎక్కువ నెయ్యి ఎక్కువసేపు వేడిగా ఉంటుంది, మంట ఆపాక కూడా గసి మాడుతూనే ఉంటుంది. ఇంట్లో నెయ్యి చేదు రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంకో జాగ్రత్త: ఉప్పు వెన్న పెట్టె కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, పేరు చదివి తీసుకోండి.

రెండు గాలన్ల పాలు అంటే దాదాపు ఏడున్నర లీటర్లు. రోజూ పెరుగు తోడుపెట్టే నలుగురి ఇంటికి సరిగ్గా సరిపోతాయి, ఇద్దరికి ఎక్కువే. బాదం మూడు పౌండ్లు, జీడిపప్పు రెండున్నర పౌండ్లు నాణ్యంగా ఉంటాయి. కానీ మూత తీసిన జీడిపప్పును వేసవంతా బయట ఉంచితే నూనె కనరు వాసన పట్టేస్తుంది. నెలకు సరిపడా డబ్బాలో పోసి మిగతాది ఫ్రీజర్‌లో పెడితే పాయసానికి ఎప్పుడు తీసినా కొత్తదానిలాగే ఉంటుంది. ఉల్లిపాయల పది పౌండ్ల సంచిని బంగాళాదుంపల పక్కన పెట్టకండి, రెండూ త్వరగా పాడవుతాయి. పాలకూర పౌండు పెట్టె కొన్నరోజే తెరిచి, లోపల పొడి కాగితపు తువ్వాలు పరచాలి. తడి నిలిస్తే నాలుగో రోజుకే జిగురు పడుతుంది. నేనైతే సగం ఆకును మొదటి రోజే పప్పులో వేసేయమంటాను.

సోనా మసూరి, కందిపప్పు, మినప్పప్పు ఇండియన్ షాపులోనే కొనండి. అక్కడ రకమూ ఎక్కువ, పాత బియ్యం అడిగి తీసుకునే వీలూ ఉంటుంది.

ధర చీటీని చదవడం ఒక విద్య. చీటీ మీద పెద్దంకెల పక్కనే పౌండుకో, ఔన్సుకో ఎంతో చిన్నగా ఉంటుంది, పోల్చాల్సింది దాన్నే. చివర .97 ఉంటే ఆ షాపువాళ్ళు తగ్గించి వదిలించుకుంటున్న సరుకని, కుడి పై మూలన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది మళ్ళీ రాదని కొనుగోలుదారుల అనుభవం. రెండూ కలిసి కనిపిస్తే ఆలోచిస్తూ నిలబడొద్దు. కాలిఫోర్నియాలో నీళ్ళ సీసాల మీద డిపాజిట్ కూడా పడుతుంది, చిన్న సీసాకు 5 సెంట్లు. నలభై సీసాల కట్టకు 2 డాలర్లు బిల్లులో అదనంగా కనబడేది అందుకే. ఖాళీ సీసాలు రీసైక్లింగ్ కేంద్రంలో ఇస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. కొన్న 30 రోజుల్లోపు ధర తగ్గితే తేడా అడగవచ్చు. టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లలాంటివి వాపసు ఇవ్వడానికి 90 రోజులే గడువు.

కారు టైర్లు ఇక్కడే వేయించండి. రొటేషన్, బ్యాలెన్సింగ్, పంక్చరు మరమ్మతు టైరు ఉన్నంతకాలం ఆ ధరలోనే కలిసి ఉంటాయి. ఇండియా ప్రయాణానికి బాదం, చాక్లెట్లు, విటమిన్లు కొనేవాళ్ళు బరువు ముందే చూసుకోవాలి: మూడు పౌండ్ల సంచి ఒకటి 1.36 కిలోలు, నాలుగు పెడితే 23 కిలోల పెట్టెలో దాదాపు నాలుగో వంతు పోయినట్టే. 110 వోల్టుల వంటింటి యంత్రాలు మాత్రం పెట్టెలో పెట్టొద్దు, అక్కడి 230 వోల్టులకు కాలిపోతాయి.

ఇక బే ఏరియాకు ఉత్తరాన ఉన్న నాపా, సొనోమా వైన్ తోటల్లో వారాంతం. కాస్ట్‌కోకూ దీనికీ సంబంధమేమిటని అడగొచ్చు. నాపా పట్టణంలోనే 2024 అక్టోబరులో కాస్ట్‌కో తెరిచారు, ఆ విషయం పక్కన పెట్టినా లెక్క ఒకటే. బయటి షాపుల్లో దొరికే వైన్‌ను వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోటే కొంటే సాధారణంగా ఎక్కువ పడుతుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా అమ్మని వైన్ ఏదో అడిగి అదే కొనండి.

ఫ్రీమాంట్ వైపు నుంచి 680 ఫ్రీవే మీద వెళితే బెనీషియా వంతెన టోలు ఉత్తరం వైపు వెళ్ళేటప్పుడే కట్టాలి, వచ్చేటప్పుడు ఉండదు. నాపాలో 29వ నంబరు రోడ్డు శనివారం పదకొండు దాటాక సెయింట్ హెలీనా దగ్గర బిగుసుకుపోతుంది. దానికి సమాంతరంగా తూర్పున సిల్వరాడో ట్రయిల్ ఉంది. పొద్దున్నే అటుగా పైన కాలిస్టోగా దాకా వెళ్ళి పది, పదిన్నరకు మొదటి టేస్టింగ్ (రుసుము కట్టి వైన్లు రుచి చూడడం) పెట్టుకుని, అక్కడి నుంచి కిందికి దిగుతూ రావడం మేలు. సొనోమాకు 121వ నంబరు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆ రోజు రేస్‌ట్రాక్‌లో పోటీలున్నాయేమో చూసుకోవాలి. ఉంటే గంటలు పోతాయి.

రోజుకు రెండు వైనరీలు చాలు. ఒక టేస్టింగ్‌లో ఐదు రకాలు ఔన్సున్నర చొప్పున పోస్తే ఏడున్నర ఔన్సులు, అంటే గ్లాసున్నర వైన్. రెండు చోట్లా మొత్తం తాగితే మూడు గ్లాసులు. బండి నడిపేవాళ్ళు తాగకపోవడమే సరైన పద్ధతి. మిగతావాళ్ళు కూడా రుచి చూసి మిగిలింది బల్ల మీది గిన్నెలో పారబోయవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఒక టేస్టింగ్‌ను ఇద్దరు పంచుకోనిస్తారా, పిల్లల్ని రానిస్తారా అనేవి బుక్ చేసేటప్పుడే అడగండి. మొత్తమ్మీద సొనోమాలో టేస్టింగ్ రుసుము నాపా కంటే తక్కువ, హడావుడీ తక్కువ. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నా ఓటు సొనోమాకే.

తిండి విషయం తేల్చుకుని బయల్దేరండి. నాపాలో చాలా వైనరీల్లో బయటి తిండి తేనివ్వరు. సొనోమా ప్లాజా పార్కులో చెట్ల కింద బల్లలున్నాయి, పులిహోర డబ్బా విప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. పులిహోర మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు, దద్ధ్యోజనమైతే పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలపండి. ఆవకాయతో కాబెర్నే అనే వగరు ఎర్ర వైన్ వద్దు. ఆల్కహాలు మిరప మంటను ఇంకా పెంచుతుంది, ఆ వగరు దానికి తోడవుతుంది. కాస్త తీపి ఉన్న రీజ్లింగ్, గెవుర్ట్‌స్ట్రామినర్ అనే తెల్ల వైన్లు మన కారానికి బాగా నప్పుతాయి.

ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ద్రాక్ష కోతలు. అప్పుడు గదుల ధరలు మండిపోతాయి, చాలాచోట్ల రెండు రాత్రులకు తక్కువ ఇవ్వరు. ఫెయిర్‌ఫీల్డ్‌లోనో వలేహోలోనో దిగితే ఖర్చు తగ్గుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ద్రాక్ష వరసల మధ్య ఆవచేలు పసుపుపచ్చగా పూస్తాయి. గదులు చవక, రోడ్లు ఖాళీ, మనవాళ్ళు ఈ నెలల్ని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

వేసవిలో వెళితే కాస్ట్‌కోలో కొన్న కూలర్ సంచి, ఐస్ ప్యాకులు తప్పనిసరి. ఎండలో ఆపిన కారులో వైన్ ఉడికినట్టవుతుంది, బిరడా పైకి లేచి మెడ చుట్టూ జిగురు కారుతుంది. అలాంటి సీసా ఇంటికి తెచ్చినా తాగడానికి పనికిరాదు. సీసాలను ఐస్‌కు నేరుగా తగలనివ్వకుండా మధ్యలో తువ్వాలు పెట్టండి, లేదంటే లేబుళ్ళు నాని ఊడిపోతాయి. మూత తీసిన సీసాను మాత్రం ఎప్పుడూ డిక్కీలోనే పెట్టాలి, సీట్ల దగ్గర ఉంచడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం నేరం.