పెద్ద క్వార్టర్‌బ్యాక్ తర్వాత ఏది మేలు: వెనుక కూర్చున్న కుర్రవాడా, కొత్తగా తెచ్చినవాడా?

పదేళ్లకు పైగా జట్టును నడిపిన క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడికి) వయసు మీదపడిన ప్రతిసారీ, అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: వెనుక బెంచీ మీద కూర్చున్న కుర్రవాడికి పగ్గాలివ్వడం మేలా, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో) కొత్తవాణ్ణి తెచ్చి మొదటి వారం నుంచే ఆడించడం మేలా?

రెండో దారికి ఇండియానాపొలిస్ కోల్ట్స్ మంచి సాక్ష్యం. 1998లో పేటన్ మ్యానింగ్ తొలి ఏడాదే 28 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాసులు) విసిరాడు, జట్టు మూడే ఆటలు గెలిచింది. మరుసటి ఏడాది అదే జట్టు 13 గెలిచింది. 2012లో అతని స్థానంలోకి వచ్చిన ఆండ్రూ లక్ తొలి సీజన్‌లోనే 11 విజయాలు అందించాడు. అయితే ఇద్దరూ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికలు. ఆ స్థానం దక్కాలంటే సాధారణంగా జట్టు ముందటి ఏడాది లీగ్‌లో అట్టడుగున ఉండాలి. పెద్దాయనతో ఇంకా గెలుస్తున్న జట్టుకు అది అందని పండే.

మొదటి దారి గ్రీన్ బే ప్యాకర్స్‌ది. 2005లో 24వ ఎంపికగా వచ్చిన ఆరన్ రాజర్స్ బ్రెట్ ఫార్వ్ వెనుక, 2020లో 26వ ఎంపికగా వచ్చిన జోర్డన్ లవ్ అదే రాజర్స్ వెనుక, మూడేసి ఏళ్లు కూర్చున్నారు. వారి ఓపికను అందరూ మెచ్చుకుంటారు గాని, నా దృష్టిలో ఫలితాన్ని తేల్చింది ఓపిక కాదు, స్థానం చేతులు మారిన రోజున కోచ్ మారకపోవడం. సాధనలో మొదటి జట్టుతో ఆడే అవకాశం దాదాపు అంతా పెద్దాయనదే. వెనుక కూర్చున్న కుర్రవాడు స్కౌట్ టీమ్‌లో నిలబడి, కార్డు మీద గీసిన ప్రత్యర్థి ఎత్తుగడలను సొంత డిఫెన్స్ ముందు ఆడి చూపిస్తుంటాడు. కనుక తన ప్లేబుక్‌ను (సొంత జట్టు ఎత్తుగడల పుస్తకాన్ని) అతడు నేర్చుకునేది చాలావరకు మీటింగ్ గదిలోనే, కోచ్ నోటనే. కోచ్ మారితే ఆ చదువులో సగం వృథా.

2008 మార్చిలో వీడ్కోలు చెప్పిన ఫార్వ్ వేసవిలో మళ్లీ వస్తానన్నప్పుడు, సాధన చూడవచ్చిన సొంత అభిమానుల్లో కొందరు రాజర్స్‌ను గేలి చేశారు. అయినా 2006 నుంచి అతణ్ణి తీర్చిదిద్దుతున్న కోచ్ మైక్ మెకార్తీ వెనక్కి తగ్గలేదు, ఫార్వ్ న్యూయార్క్ జెట్స్ జట్టుకు వెళ్లాడు. ఆ ఏడాది జట్టు 10 ఓడినా రాజర్స్ 28 టచ్‌డౌన్లు (స్కోరు తెచ్చిన పాసులు) విసిరాడు. 2010 సీజన్‌లో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. లవ్ కూడా 2023లో 3 విజయాలు, 6 ఓటములతో తడబడి, కోచ్ మ్యాట్ లాఫ్లోర్ చేతి కిందే నిలదొక్కుకుని, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) డల్లాస్‌ను వాళ్ల గడ్డ మీదే 48-32తో ఓడించాడు. కాన్సస్ సిటీలో ప్యాట్రిక్ మహోమ్స్‌కు కోచ్ యాండీ రీడ్ దగ్గర బెంచీ మీద ఒక్క ఏడాదే సరిపోయింది. ఎదురు ఉదాహరణ బ్రాక్ ఓస్వైలర్: డెన్వర్‌లో మ్యానింగ్ వెనుక ఉండి, 2015లో ఏడు ఆటలు మొదలుపెట్టి ఐదు గెలిచినవాడు, 2016లో నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో హ్యూస్టన్‌కు వెళ్లి, కొత్త కోచ్ దగ్గర ఒక్క సీజన్‌కే చెల్లని నాణెమయ్యాడు.

బయటి నుంచి అనుభవజ్ఞుణ్ణి కొనడం మూడో దారి. 2021లో మాథ్యూ స్టాఫర్డ్‌తో లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు అది ఫలించింది, కాని అది వారసత్వం కిందికి రాదు.

నా మొగ్గు గ్రీన్ బే వైపే అయినా దానికో ఖరీదుంది. డ్రాఫ్ట్ తొలి రౌండులో వచ్చిన కుర్రవాడి చవక ఒప్పందం నాలుగేళ్లదే, అందులో మూడు బెంచీ మీదే కరిగిపోతాయి. అందుకే లవ్ పూర్తిగా ఆడిన ఒక్క సీజన్ చూసి, 2024 జూలైలో నాలుగేళ్లకు 22 కోట్ల డాలర్ల ఒప్పందం రాసివ్వాల్సి వచ్చింది.